తాత మోసిన కమాను

ఈ భూమ్మీద కదలని వస్తువంటూ ఏదైనా ఉంటే అది పాత ఆసుపత్రి కమానే అని మ్యాపులమ్మ నమ్మకం. శుక్రవారం మధ్యాహ్నం రెండున్నర దాకా ఆ నమ్మకానికి ఢోకా రాలేదు.

ఆమెకు అసలు పేరు లేకపోలేదు. కానీ విశ్వవిద్యాలయం మూడో అంతస్తులో ఎవరైనా ఆ పేరు పెట్టి పిలిస్తే, వెనకాల ఇంకెవరో ఉన్నారేమోనని ఆమే తిరిగి చూస్తుంది. పదిహేడేళ్ళుగా పాత నక్షాలతోనే కాపురం. ఏడేళ్ళ కిందట పెద్దసారు ఈ ఊరి చరిత్రనంతా కంప్యూటర్ మ్యాపు మీదికి ఎక్కించే పని మొదలుపెట్టి, ముగ్గురికీ ఒకే గదిలో బల్లలు వేయించారు. ఆయన పాత రిజిస్టర్లు చదువుతారు. కాగితంలో చెదలు తినని అక్షరం ఒక్కటి మిగిలినా పట్టేస్తారు. రెండో మనిషి టేపు మేడం. బడి టీచరుగా చేసి రిటైరైంది, చేతిసంచీలో రికార్డరు పెట్టుకుని ముసలివాళ్ళ ఇళ్ళకి వెళ్ళి వాళ్ళ జ్ఞాపకాలు పట్టుకొస్తుంది. కాగితం చెప్పినదాన్నీ మనిషి చెప్పినదాన్నీ నేల మీద ఎక్కడ పెట్టాలో తేల్చేది మ్యాపులమ్మ. చివరి మాట తనదే అని ఆమె పైకి ఎప్పుడూ అనలేదు. అనాల్సిన అవసరం కూడా రాలేదు.

మ్యాపు మీద ప్రతి చుక్కకీ నమ్మకం మార్కు ఒకటి ఉంటుంది, అయిదుకి ఇంత అని. ముగ్గురూ సంతకం పెడితే అయిదు. ఎవరో ముసలాయన ఏదో అన్నాడంటే ఒకటి. అయిదు పడ్డ చుక్కని ఇటు నుంచి అటు జరపాలంటే మళ్ళీ ముగ్గురి సంతకాలూ కావాలి. ఈ నియమం పెట్టింది మ్యాపులమ్మే.

సోమవారం పది గంటలకి ఆ మ్యాపుని జనం కోసం తెరవబోతున్నారు. ఆఖరి పనుల హడావుడిలో ఉండగా పొరుగు ఊరి విశ్వవిద్యాలయం నుంచి రాళ్ళ డాక్టరు వీడియోలోకి వచ్చింది. మందులిచ్చే డాక్టరు కాదు, రాళ్ళ మీద డాక్టరేటు చేసిన మనిషి. పాత కట్టడాల బొమ్మలు అన్ని వైపుల నుంచీ తీసి మ్యాపులో నిలబెట్టే పని వాళ్ళ బృందానిది.

"మీ కమానులో పగుళ్ళు ఏమన్నా ఉన్నాయేమో చూద్దామని రాళ్ళ సందుల్లోకి సన్న కెమెరా పంపించామండీ," అంది రాళ్ళ డాక్టరు. "లోపలి ముఖాల మీద ఏవో గుర్తులున్నాయి. ప్రతి రాయికీ ఒకటి. చూడండి."

తెర మీద ఒక రాయి వచ్చింది. దాని మీద ఉలితో చెక్కిన రెండు సున్నాలు, పక్కన తోక ఉన్న గీత ఒకటి, తోక లేని గీత ఒకటి.

"ఇవి కట్టినప్పటివి కావు. గాటు కొత్తది. కట్టడాన్ని విప్పేసి మళ్ళీ కట్టేటప్పుడు ఏ రాయి ఎక్కడిదో తెలియడానికి మేస్త్రీలు ఇలా నంబర్లు వేస్తారు. కాకపోతే ఇవి ఎక్కడి అంకెలో మా వాళ్ళెవరికీ అర్థం కాలేదు."

"ఇరవై ఆరు," అంది మ్యాపులమ్మ.

"ఏంటండీ?"

"ఆ రాయి నంబరు ఇరవై ఆరు. సున్నా అంటే పది. తోక గీత అయిదు. ఉత్త గీత ఒకటి."

"మీకెలా తెలుసు?"

ఎలా తెలుసంటే, మ్యాపులమ్మ వాళ్ళ అమ్మ వంటింటి గుమ్మానికి కుడివైపు చెక్క మీద ఆ అంకెలే ఉన్నాయి. పుట్టినరోజుకి తాత ఆమెని గుమ్మానికి ఆనించి నిలబెట్టి, నెత్తి మీద బద్ద పెట్టి, ఎంత ఎత్తు ఉంటే అక్కడ ఉలితో గాటు పెట్టి, పక్కన వయసు వేసేవాడు. ఏడో ఏటికి తోక గీత ఒకటి, ఉత్త గీతలు రెండు. పదో ఏటికి సున్నా. తాతకి చదువు రాదు. అంకెలు ఆయన సొంతంగా కనిపెట్టుకున్నవి. అవి తెలిసినవాళ్ళు ఈ ప్రపంచంలో అయిదారుగురి కంటే ఎక్కువ ఉండరు.

మళ్ళీ చేస్తానని చెప్పి ఆమె వీడియో కట్టేసింది.

ఆమె తాత, అమ్మకి నాన్న, రాతిపని మేస్త్రీ. పనిమంతుడే, కానీ కోతలు కోయడంలో అంతకంటే పనిమంతుడు. ఒంటి చేత్తో రైలుని ఆపానని చెప్పేవాడు. వరదలో గేదె మీద కూర్చుని ఏరు దాటానని చెప్పేవాడు. ఆ వరసలోనే, "ఆసుపత్రి కమాను లేదూ, దాన్నెత్తి పక్కన పెట్టింది నేనే," అనేవాడు. ఇంటిల్లిపాదీ పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాళ్ళు. తాత పోయి ముప్ఫై రెండేళ్ళయినా ఆ మాట ఇంట్లో మిగిలిపోయింది. ఎవరైనా డబ్బా కొట్టుకుంటే, "ఆ, తాత కమాను మోశాడులే," అంటారు. మ్యాపులమ్మకి డాక్టరేటు వచ్చిన రోజున వాళ్ళ నాన్న కూడా ఆ మాటే అన్నాడు.

ఆమె బల్ల దగ్గరికి జరిగి ఆసుపత్రి నక్షా ఫైలు తెరిచింది. తెరుస్తుంటే ఏం కనబడబోతోందో లోపల ఎక్కడో తెలుస్తూనే ఉంది.

పాత నక్షాని ఇవాళ్టి నేల మీద కూర్చోబెట్టడానికి ఒక పద్ధతి ఉంది. నక్షాలో ఉన్న ఒక గుర్తునీ, ఆకాశం నుంచి తీసిన ఫోటోలో అదే గుర్తునీ పట్టుకుని రెండిటికీ కలిపి మేకు కొట్టాలి. కంప్యూటర్లో కొట్టే మేకే అనుకోండి. మేకులు కుదిరితే పాత కాగితం వచ్చి నేల మీద సరిగ్గా పడుకుంటుంది. ఆసుపత్రి నక్షా అరవై ఒక్క ఏళ్ళ నాటిది. ఆసుపత్రి ఎప్పుడో కూల్చేశారు, చుట్టూ ఉన్న పేటని రోడ్డు కోసం ఖాళీ చేయించారు. ఆ మూల మిగిలినవి మూడే: కమాను, రెండు బావులు. బావులకి సిమెంటు మూతలు వేసేశారు, ఆ గుండ్రాలు ఫోటోలో ఇప్పటికీ కనిపిస్తాయి.

మూడేళ్ళ కిందట ఆమె ఈ మూడిటికీ మేకులు కొట్టినప్పుడు కంప్యూటరు ఒప్పుకోలేదు. కమాను కుదిరితే బావులు కుదరవు. బావులు కుదిరితే కమాను కుదరదు. తేడా ఎంతంటే నలభై ఒక్క మీటర్లు, రెండు బావులకీ ఒకే తేడా, ఒకే దిక్కున. ఆ రోజు ఆమె కుర్చీలో వెనక్కి వాలి, గదిలో ఉన్న మిగతా ఇద్దరికీ వినబడేలా అంది: "బావులంటే పూడుస్తారు, పక్కన ఇంకోటి తవ్వుతారు. బావులు కదులుతాయి. కమాను ఎక్కడికి పోతుంది?" అనేసి బావుల మేకులు రెండూ పీకేసింది. దిక్కూ కొలతా నక్షా మీదే రాసి ఉన్నాయి కాబట్టి ఒక్క మేకు సరిపోయింది. తప్పు సున్నా అని చూపించింది కంప్యూటరు. మేకు ఒక్కటే ఉంటే తప్పు సున్నా కాక ఇంకేమవుతుంది. అయినా ఆ రోజు ముగ్గురూ టీలు తెప్పించుకుని తాగారు.

ఇప్పుడు ఆమె కమాను మేకు పీకింది. బావుల మేకులు రెండూ కొట్టింది. నక్షా తూర్పుకి నలభై ఒక్క మీటర్లు జరిగి, కొట్టిన మేకుల మీద వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చుంది. ఆమె కాళ్ళ కింద నేల జరిగిపోయినట్టయింది.

ఎందుకంటే ఆ నక్షాలో పిల్లల దిబ్బ ఉంది.

జ్వరాల ఏడాది ఆ ఆసుపత్రిలో పోయిన పిల్లల్ని ఇళ్ళకి ఇవ్వలేదు. అంటుకుంటుందని, కమాను అవతల ఖాళీ నేలలో వరసలుగా పూడ్చారు. తల్లిదండ్రుల్ని దూరం నుంచే చూడనిచ్చారు. పేర్లు వరసల ప్రకారం రిజిస్టర్లో ఉన్నాయి, నూట ఎనభై ఏడు. రిజిస్టరు పెద్దసారు చదివారు, వరసలు మ్యాపులమ్మ గీసింది. మూడో వరసలో ఉత్తరం చివరిది, పధ్నాలుగోది, టేపు మేడం అక్క. అయిదేళ్ళ పిల్ల. మేడం పుట్టకముందే పోయింది. మేడం ఈ పనిలోకి వచ్చిందే ఆ చుక్క కోసం. అది దొరికాక, రోడ్డు పక్కనున్న పార్కులో, మ్యాపులమ్మ చూపించిన చోట ఒక రాతి బల్ల వేయించుకుంది. ఆ తర్వాత, రెండేళ్ళ కిందట, ఎనభై నాలుగేళ్ళ తల్లిని కుర్చీలో కూర్చోబెట్టి అక్కడికి తీసుకెళ్ళింది. ఆవిడ ఆ నేలని చేత్తో తడిమిందట. ఆ తర్వాత నెలకి పోయింది. "ప్రశాంతంగా పోయింది, మీ పుణ్యమే," అని మేడం మ్యాపులమ్మ రెండు చేతులూ పట్టుకుంది.

ఆ నేల ఉత్త నేల. పిల్లలు అక్కడ లేరు. తూర్పుకి నలభై ఒక్క మీటర్ల అవతల ఉన్నారు.

తూర్పుకి నలభై ఒక్క మీటర్లంటే ఎక్కడో ఆమె ఫోటోలో చూసింది. నీలం రేకులు చుట్టిన స్థలం. కార్లు నిలపడానికి నాలుగంతస్తుల కట్టడం లేవబోతోంది అక్కడ. ఆ స్థలం చరిత్రలో ఎప్పుడూ ఖాళీయే, కింద ఏమీ లేదు అని ఉత్తరం రాసిచ్చింది వీళ్ళే. తవ్వకం సోమవారం పొద్దున మొదలు.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి అమ్మ బాల్కనీలో బట్టలు తీస్తోంది. మ్యాపులమ్మ చెప్పులు కూడా విప్పకుండా వంటింటి గుమ్మం దగ్గర నిలబడి చెక్కని చూసింది. తోక గీత, రెండు ఉత్త గీతలు. అనుమానం లేదు.

"అమ్మా, తాత నిజంగా కమానుని జరిపాడా?"

"జరిపాడు," అంది అమ్మ, దిండు గలేబు మడత పెడుతూ. "నేనేగా రోజూ క్యారేజీ తీసుకెళ్ళింది. నాకప్పుడు పధ్నాలుగేళ్ళు. రోడ్డు వెడల్పు చెయ్యాలి, కమాను అడ్డం. దాన్ని ముట్టుకోవాలంటే పైనుంచి అనుమతి రావాలి, అది రాదు. మరమ్మతులని రాసుకుని, చుట్టూ తడకలు కట్టి పదకొండు నెలలు చేశారు. చుట్టుపక్కల పేట అప్పటికే ఖాళీ అయిపోయింది. చూసేవాళ్ళు ఎవరున్నారు?"

"మరి నాకెందుకు చెప్పలేదు?"

అమ్మ మడత ఆపి కూతురి వైపు చూసింది.

"మీ తాత చెప్పాడుగా, బతికున్నంతకాలం చెప్పాడు. నవ్వారు. మీ నాన్న నవ్వారు, నువ్వు నవ్వావు. అది నిజమేనని నేను ఒకసారి అంటే, నువ్వూ మీ నాన్న పోలికేనే అని నన్ను చూసి కూడా నవ్వారు. ఇంకేం చెప్తాను?" తర్వాత బట్టల తీగ వైపు చెయ్యి చూపించింది. "దూరం కొలిచింది ఆ తాడుతోనే. గట్టి తాడు కదాని బట్టలకి కట్టుకున్నాను. ఇంకా పాడవలేదు."

ఏడేళ్ళుగా ఊళ్ళోని ముసలివాళ్ళ గుమ్మాలన్నీ తొక్కించిన మనిషి, తన ఇంట్లో ఉన్న సాక్షిని ఒక్క ప్రశ్న అడగలేదు. మ్యాపులమ్మకి తల కొట్టేసినట్టయింది. అక్కడే గుమ్మంలో కూలబడింది.

శనివారం తొమ్మిదికల్లా పెద్దసారు గదిలో ఉంది. ఆయన విన్నారు. కళ్ళజోడు తీసి తుడిచారు, పెట్టుకున్నారు, మళ్ళీ తీశారు. తెర మీద జరిగిన నక్షాని చూశారు.

"బండి తోలే తాత ఒకాయన టేపులో చెప్పలా, కమాను అటువైపుండేదని?" అన్నారు చివరికి. "ఒకటి వేశాం."

"ఏడుగురు చెప్పారు సార్. ఏడుగురికీ ఒకటే వేశాం."

"ఖాళీ అని ఉత్తరం నా చేత్తో రాశానమ్మా." ఆయన ఫోను చేతిలోకి తీసుకున్నారు. "సంతకం ఇప్పుడే పెడతాను. ఇంజనీరుకి ఫోన్ చేస్తాను. కానీ మేడం సంతకం కూడా కావాలి కదా. మేడంకి ఎవరు చెప్తారు?"

చెప్పాల్సింది ఎవరో ఇద్దరికీ తెలుసు.

టేపు మేడం ఇల్లు రెండు గదుల ఇల్లు. ముందుగదిలో గోడ పొడుగునా అరలు, అరల నిండా అట్టపెట్టెలు, పెట్టెల మీద పేర్లు. మేడం బనియన్లు ఇస్త్రీ చేస్తున్న భర్తని లోపలికి పంపించేసి, కుర్చీ చూపించింది. "ఏంటి, శనివారం కూడా వదలరా నన్ను? సోమవారం ఉపన్యాసం చూసి పెట్టమంటారా?" అంది నవ్వుతూ.

మ్యాపులమ్మ దారంతా మాటలు కూడబలుక్కుంటూనే వచ్చింది. ఒక్కటీ గుర్తు రాలేదు. "మేడం, కమాను కదిలింది," అంది. ఆ తర్వాత గుమ్మం చెక్క నుంచి నీలం రేకుల దాకా గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. "అక్క ఆ పార్కులో లేదు. నేను తప్పు చోట చూపించాను. అమ్మగారు తప్పు నేల తడిమారు. నన్ను క్షమించమని అడగడానికి కూడా నాకు మొహం లేదు."

మేడం మొహంలో నవ్వు అలాగే ఉండిపోయింది, తీయడం మర్చిపోయినట్టు. కాసేపటికి అదీ పోయింది. ఏడుస్తుందనుకుంది మ్యాపులమ్మ, తిడుతుందనుకుంది. తిడితే బాగుండును అనుకుంది. మేడం లేచి, మూడో అరలో చివరి పెట్టె దించి, అందులోంచి రికార్డరు చిప్పు ఒకటి తీసి, రెండో ప్రయత్నానికి రికార్డర్లో దూర్చింది.

"వినండి," అంది.

ముందు మేడం గొంతు, ఎప్పటిలాగే తేదీ చెప్పి, మాట్లాడేది మా అమ్మ అని చెప్పింది. వెనకాల బస్సుల చప్పుడు. తర్వాత ఒక ముసలి గొంతు, అరిగిపోయింది గానీ తడబాటు లేదు.

"ఇది కాదమ్మా. బావేదీ?"

"అదిగో అమ్మా, దూరంగా ఆ సిమెంటు గుండ్రం ఉందే, ఆ రేకుల దగ్గర. అదే."

"అంత దూరం లేదే. బావి గట్టు మీద కూర్చునేదాన్ని. గట్టు దిగి ఇరవై రెండు అడుగులేస్తే అది. అయిదేళ్ళు ఆదివారం ఆదివారం వేశాను, నేను మర్చిపోతానా? ఇది కాదు."

"అమ్మా, అది ఆ బావి కాదు. పాతది పూడ్చేసి వేరే చోట తవ్వారు. బావులు కదులుతాయమ్మా, కమాను కదలదు కదా. కమాను చూడు, అక్కడే ఉంది. పెద్ద చదువులు చదివినవాళ్ళు కొలిచి చెప్పారు."

టేపులో చాలాసేపు బస్సుల చప్పుడే. తర్వాత ముసలి గొంతు, ఈసారి చిన్నగా: "అంతేనంటావా? సరేలే. చదువుకున్నదానివి. నువ్వు చెప్తే అంతే."

మేడం రికార్డరు ఆపేసింది.

"దీనికి ఎంత వేశానో తెలుసా?" అంది. "ఒకటి. మా అమ్మ మాటకి నా చేత్తో నేనే ఒకటి వేశాను. ఆ రోజు మీరు మ్యాపులో చూపించింది అయిదు కదా."

కుర్చీలో వెనక్కి వాలి, అందరూ వినేలా అన్న తన మాట, ముక్క పొల్లు పోకుండా, ఒక తల్లి నోరు మూయించడానికి పనికొచ్చింది. తప్పు కొలత ఎవరైనా కొలుస్తారు, దిద్దుకుంటారు. ఈ మాటని ఎలా దిద్దాలో మ్యాపులమ్మకి తెలియలేదు. వంగి మేడం కాళ్ళ దగ్గర కూర్చుంది. మేడం ఆమె వైపు చూడలేదు, కానీ ఆమె భుజం మీద పడ్డ చేతిని తీసేయనూ లేదు.

"సంతకం ఎక్కడ పెట్టాలి?" అని అడిగింది కాసేపటికి.

మ్యాపులమ్మ ఫోన్లోనే తెరిచి చూపించింది. పెద్దసారు సంతకం అప్పటికే పడి ఉంది. మేడం పెట్టింది, మ్యాపులమ్మ పెట్టింది. మ్యాపు మీద నూట ఎనభై ఏడు చుక్కలు ఒక్కసారిగా పార్కు వదిలి నీలం రేకుల లోపలికి వెళ్ళాయి. ఇద్దరూ కళ్ళు తిప్పకుండా చూశారు. అప్పుడే పెద్దసారు ఫోన్ వచ్చింది.

"ఇంజనీరు ఇప్పుడెత్తాడమ్మా ఫోను," అన్నారు ఆయన, రొప్పుతూ. "మిషను ఖాళీగా ఉంది కదాని ఇవాళ పొద్దున్నే మొదలెట్టేశాడట."

ఇద్దరూ ఆటో ఎక్కారు. మేడం సంచీ ఒళ్ళో పెట్టుకుని దాని పట్టీని చేతికి చుట్టుకుంటూ, విప్పుతూ కూర్చుంది. రేకుల గేటు తెరిచే ఉంది. లోపల తవ్వే మిషను చెయ్యి పైకి లేచి ఉంది. మ్యాపులమ్మ పరుగెత్తుకుంటూ వెళ్ళి దాని ముందు నిలబడింది. నలభై మూడేళ్ళ వయసులో, ప్రాణంలేని కాగితాలతో తప్ప ఎవరితోనూ గొడవ పెట్టుకోని మనిషి, రెండు చేతులూ అడ్డంగా చాపి నిలబడింది.

"మేడం, తప్పుకోండి, పడతారు," అన్నాడు ఇంజనీరు, పరుగున వస్తూ. "పెద్దసారు చెప్పారు, ఆపించేశాను. ఇదిగో, డ్రైవరు తాళం కూడా తీసేశాడు." తర్వాత జేబులోంచి మడత కాగితం తీసి, కోపం దాచుకోకుండా చూపించాడు. "కానీ ఇదేంటి? స్థలం ఖాళీ అని మీరే రాసిచ్చారు. ఇది మీ సంతకమే కదా?"

"నాదే," అంది మ్యాపులమ్మ. "తప్పు రాశాం. కింద పిల్లలున్నారు."

ఇంజనీరు చూపు తవ్విన గుంతల వైపు మళ్ళింది. ఏడు గుంతలు, మనిషి లోతున్నవి, ఉత్తరం పక్క నుంచి వరసగా. మట్టి పక్కనే కుప్పలుగా పోసి ఉంది. "ఏమీ తగల్లేదండీ," అన్నాడు, ఈసారి చాలా మెల్లగా. "పొద్దున్నుంచీ నేనిక్కడే ఉన్నాను. ఏమీ తగల్లేదు." చెబుతూనే రెండడుగులు వెనక్కి వేశాడు, తను దేని మీద నిలబడ్డాడో తెలియక.

అప్పటికి మేడం బావి మూత దగ్గరికి వెళ్ళిపోయింది. సంచీ దాని మీద పెట్టి, చెప్పులు విప్పింది. ఎటు నడవాలో మ్యాపులమ్మని అడగలేదు. కమాను మునుపు ఉన్న దిక్కుకి వీపు పెట్టి, తల్లి ఎంత అడుగు వేసేదో అంత చిన్న అడుగు వేస్తూ, పైకి లెక్కపెడుతూ నడిచింది. ఒకటి. రెండు. సున్నంతో గీసిన గీతలు దాటింది. పన్నెండు. పదమూడు. మ్యాపులమ్మ ఫోన్లో మూడో వరస పధ్నాలుగో చుక్కని తెరిచి పట్టుకుని, ఆమెకి పక్కగా, దూరంగా నడిచింది. ఇరవై. ఇరవై ఒకటి. ఇరవై రెండు.

మేడం ఆగింది. ఆమె కాళ్ళ ముందు, ఒక్క అడుగు అవతల, ఏడో గుంత నోరు తెరుచుకుని ఉంది.

ఇంకొక్క గుంత. ఇంకొక అరగంట. వంటింటి గుమ్మం, తోక గీత, రాళ్ళ డాక్టరు సన్న కెమెరా, వీటిలో ఏ ఒక్కటి ఒక్క రోజు ఆలస్యమైనా.

"ఇక్కడేనా?" అని అడిగింది మేడం, వెనక్కి తిరగకుండా.

మ్యాపులమ్మ ఫోను చూసుకుంది. చుక్కకీ మేడం నిలబడ్డ చోటికీ మధ్య జానెడు తేడా. అంత తేడా ఫోనుకే ఉంటుంది.

"ఇక్కడే మేడం."

మేడం పాదాలు రెండూ దగ్గరగా జరుపుకుంది, అవసరమైనదానికంటే ఎక్కువ నేల తొక్కకూడదన్నట్టు. గేటు దగ్గర ఇంజనీరు తలమీద టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"అయితే మా అమ్మ తప్పు చెప్పలేదన్నమాట."

"లేదు మేడం. తప్పు చెప్పింది నేను."

"మీరు నాకు చెప్పారు," అంది మేడం. "అమ్మకి చెప్పింది నేను."